ప్రైవేట్ పైలట్ లైసెన్స్: శిక్షణ ఎలా సాగుతుంది, డబ్బు ఎక్కడ ఖర్చవుతుంది

విమానం నడపడం నేర్చుకోవాలనుకునేవాళ్లు అందరూ ముందుగా అడిగేది మొత్తం ఎంతవుతుందని. ఫ్లయింగ్ స్కూళ్లు దానికి ఒక అంకె చెబుతాయి. చాలాసార్లు అది నిబంధనలు అడిగే కనీస గంటల మీద వేసిన లెక్క. ఆ కనీస గంటల్లోనే లైసెన్స్ చేతికొచ్చేవాళ్లు తక్కువమంది. అందుకే మొత్తం ఎంతని అడిగే ముందు ఎన్ని గంటలు పడుతుందని అడగాలి. మీరు ఖర్చుపెట్టే సొమ్ములో సింహభాగం ఇంజిన్ తిరిగిన గంటలకే పోతుంది. ఆ గంటలు పెరిగేదీ తగ్గేదీ మీ ప్రతిభను బట్టి కొంతే. శిక్షణ మధ్యలో ఆగకుండా ఎంత వరుసగా సాగిందన్నదాన్ని బట్టి చాలా.

కింద చెప్పిన క్రమంలో పని చేసుకుంటూ పోతే డబ్బు వృథా కావడం బాగా తగ్గుతుంది. ఈ క్రమాన్ని తారుమారు చేసినవాళ్లే మధ్యలో ఆగిపోవడం ఎక్కువగా చూశాను.

మొదట: ఈ లైసెన్స్ ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

ప్రైవేట్ పైలట్ లైసెన్స్, అంటే పీపీఎల్, ఉన్నవాళ్లు సొంత పనికీ సరదాకీ విమానం నడపవచ్చు. ఇంట్లోవాళ్లనూ స్నేహితులనూ ఎక్కించుకోవచ్చు. డబ్బు తీసుకుని ప్రయాణికులను తిప్పకూడదు, జీతానికి నడపకూడదు. ప్రయాణ ఖర్చును తోటివాళ్లతో పంచుకోవడానికి మాత్రం చాలా దేశాల్లో షరతులతో అనుమతి ఉంది. మొదట్లో మీకు దక్కేది సాధారణంగా ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం. వాతావరణం బాగుండి, బయటకు చూస్తూ నడపగలిగే పరిస్థితుల్లోనే ఎగరాలి. మేఘాల్లోకి వెళ్లాలంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే పరికరాలను మాత్రమే చూసి నడిపే అదనపు అర్హత, వేరే తీసుకోవాలి.

ఎయిర్‌లైన్ ఉద్యోగమే లక్ష్యమైనవాళ్లకు కూడా ఇక్కడ ఎగిరిన గంటలు వృథా పోవు. తర్వాత కమర్షియల్ లైసెన్స్‌కు కావలసిన మొత్తంలో అవి కలుస్తాయి.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఐసీఏఓ, తన 1వ అనుబంధంలో కనీస ప్రమాణాలు నిర్దేశించింది. లైసెన్స్‌కు 17 ఏళ్లు నిండాలి. మొత్తం 40 గంటలు ఎగరాలి, ఆమోదం పొందిన కోర్సులో అయితే 35 సరిపోతాయి. అందులో 10 గంటలు ఒంటరిగా, అంటే సోలోగా, నడపాలి. ఆ పదిలో 5 గంటలు ఊరు దాటి వెళ్లే క్రాస్ కంట్రీ ప్రయాణాలు కావాలి. వాటిలో ఒకటి కనీసం 270 కిలోమీటర్లు, అంటే 150 నాటికల్ మైళ్లు ఉండి, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి పూర్తిగా ఆగాలి.

దేశాలు దీనికి తమ షరతులు చేర్చుకుంటాయి. అమెరికాలో అక్కడి విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ నిబంధనల ప్రకారం 40 గంటలు, అందులో 20 ఇన్‌స్ట్రక్టర్‌తో. రాత్రి శిక్షణ 3 గంటలు అందులోనే ఉంటుంది. యూరప్‌లో అక్కడి విమాన భద్రతా సంస్థ ఈయాసా నిబంధనల ప్రకారం 45 గంటలు, అందులో 25 ఇన్‌స్ట్రక్టర్‌తో, 10 సోలో. అక్కడ రాత్రి నడపడానికి విడిగా రేటింగ్ తీసుకోవాలి. మీరు ఎక్కడ నేర్చుకుంటారో అక్కడి విమానయాన శాఖ నిబంధనలను సొంతంగా చదవండి. ఒక దేశంలో తీసుకున్న లైసెన్స్‌ను మరో దేశపు లైసెన్స్‌గా మార్చుకోవాలంటే మళ్లీ పరీక్షలు, కాగితాలు, ఖర్చు ఉంటాయి. చివరికి ఎక్కడ ఎగరబోతున్నారో ముందే తేల్చుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది.

మెడికల్ పరీక్ష డబ్బు కట్టకముందే

ఈ అడుగును చాలామంది వెనక్కి నెట్టేస్తారు. పీపీఎల్‌కు ఐసీఏఓ ప్రమాణం ప్రకారం క్లాస్ 2 మెడికల్ కావాలి. అమెరికాలో దీనికి సమానంగా థర్డ్ క్లాస్ మెడికల్ చేస్తారు. విమానయాన శాఖ గుర్తించిన డాక్టరే పరీక్ష చేయాలి. చూపు, రంగులు గుర్తించడం, వినికిడి, రక్తపోటు, గుండె, మూత్రంలో చక్కెర, మానసిక ఆరోగ్య చరిత్ర, వాడుతున్న మందులు చూస్తారు.

కళ్లజోడు ఉంటే పనికిరామని భయపడేవాళ్లు ఎందరో ఉన్నారు. అద్దాలతో నిర్ణీత స్థాయి చూపు వస్తే చాలు. రంగుల పరీక్ష తప్పినా కొన్ని చోట్ల వేరే పద్ధతిలో మళ్లీ పరీక్షిస్తారు, లేదా పగలు మాత్రమే నడపాలనే లాంటి షరతుతో ఇస్తారు. పాత జబ్బు ఏదైనా ఉంటే దరఖాస్తు నింపకముందే డాక్టర్‌తో మామూలుగా మాట్లాడి, ఏ రిపోర్టులు కావాలో కనుక్కోండి. ఒకసారి అధికారికంగా తిరస్కరణ నమోదైతే దాన్ని సరిచేసుకోవడం కష్టం. ఆరోగ్య విషయాలు దాచడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తర్వాత బయటపడితే లైసెన్స్ పోవడమే కాదు, ప్రమాదం జరిగితే బీమా కూడా చెల్లకుండా పోవచ్చు.

శిక్షణలో సగం సొమ్ము అయిపోయాక మెడికల్ రాదని తెలిస్తే ఆ డబ్బు తిరిగి రాదు. ఈ పరీక్షకయ్యే ఖర్చు మొత్తంలో చాలా చిన్నది, తొందరగా తేలిపోతుంది కూడా. దీంతోపాటు ఒక ట్రయల్ ఫ్లైట్ కూడా చేయండి. అరగంటో గంటో ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని స్టీరింగ్ పట్టుకుంటే చిన్న విమానపు ఊపు, శబ్దం, వేడి మీకు పడతాయో లేదో తెలుస్తుంది. మొదటిసారి కడుపులో తిప్పినట్టయితే దిగులు పడనక్కరలేదు. చాలామందికి కొన్ని పాఠాల్లోనే అది పోతుంది.

ఖర్చు లెక్క ఎలా వేయాలి

విమానం అద్దె గంటకు ఎందుకంత ఉంటుందో తెలిస్తే బేరం ఎక్కడ ఆడొచ్చో, ఎక్కడ ఆడకూడదో తెలుస్తుంది. శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 172 గంటకు సుమారు 30 నుంచి 38 లీటర్ల ఇంధనం తాగుతుంది. అది ఏవ్‌గ్యాస్ అనే ప్రత్యేక పెట్రోలు, కార్ల పెట్రోలు కంటే సాధారణంగా ఖరీదు. ఈ రకం ఇంజిన్లకు దాదాపు 2,000 గంటలకొకసారి పూర్తి ఓవర్‌హాల్, అంటే ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయడం, చేయాలని తయారీదారులు చెబుతారు. ఆ పెద్ద ఖర్చు కోసం ప్రతి గంట అద్దెలో కొంత పక్కన పెట్టాలి. శిక్షణ విమానాలకు 50 లేదా 100 గంటలకొకసారి తనిఖీ, ఏటా పెద్ద తనిఖీ, బీమా, హ్యాంగర్ అద్దె ఉంటాయి. ఒక స్కూల్ మిగతావాళ్లకంటే బాగా తక్కువ అద్దె చెబుతుంటే వీటిలో ఏది తగ్గించి ఆ ధర ఇస్తున్నారో అడగండి. విమానం పాతదైనా, లోపల డిజిటల్ తెరల పరికరాలు లేకపోయినా అద్దె తగ్గుతుంది, దాంట్లో తప్పేమీ లేదు. మెయింటెనెన్స్ తగ్గించి ఇచ్చే తక్కువ ధర మాత్రం వద్దు.

అద్దె చెప్పేటప్పుడు రెండు పదాలు వింటారు. వెట్ రేటు అంటే ఇంధనం కలిపిన అద్దె. డ్రై రేటు అంటే ఇంధనం మీదే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. సమయాన్ని లెక్కపెట్టే మీటర్లూ రెండు రకాలు. హాబ్స్ మీటర్ సాధారణంగా ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ గడియారంలా తిరుగుతుంది. ట్యాక్ మీటర్ ఇంజిన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది కాబట్టి నేల మీద నెమ్మదిగా వెళ్తున్నప్పుడు తక్కువ సమయం చూపిస్తుంది. ఒకే అద్దె చెప్పిన రెండు స్కూళ్లలో ట్యాక్ మీద బిల్లు వేసేది మీకు చవక.

డబ్బు విలువ చోటును బట్టి మారుతుంది కాబట్టి ఒక గంట విమానం అద్దెను 100 పాయింట్లు అనుకుని లెక్క వేద్దాం. ఇన్‌స్ట్రక్టర్ ఫీజు గంటకు 35 పాయింట్లు అనుకుందాం. ప్రకటనలో కనిపించే లెక్క ఇలా ఉంటుంది: 40 గంటల విమానం 4,000, ఇన్‌స్ట్రక్టర్‌తో 20 గంటలు 700, మొత్తం 4,700.

ఇప్పుడు మామూలు విద్యార్థి లెక్క చూడండి. 60 గంటలు ఎగిరితే విమానానికి 6,000. అందులో 45 గంటలు ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉంటారు. ఎగరకముందూ దిగాకా కూర్చుని మాట్లాడే బ్రీఫింగుకూ చాలా స్కూళ్లు ఫీజు తీసుకుంటాయి, దానికి 20 గంటలు వేయండి. మొత్తం 65 గంటల ఇన్‌స్ట్రక్టర్ ఫీజు 2,275. ఆపైన థియరీ కోర్సు, పుస్తకాలు, మ్యాపులు, హెడ్‌సెట్, మెడికల్, రాత పరీక్షల ఫీజు, ల్యాండింగ్ చార్జీలు, ఎగ్జామినర్ ఫీజు, పరీక్ష రోజు విమానం అద్దె, అద్దె విమానాల బీమా, క్లబ్ సభ్యత్వం, లైసెన్స్ దరఖాస్తు రుసుము. వీటన్నిటికీ 700 వేసినా మొత్తం 8,975. ప్రకటనలోని అంకెకు దాదాపు రెట్టింపు.

ఇందులో మోసమేమీ లేదు, కనీస గంటలకూ వాస్తవానికీ ఉన్న తేడా అంతే. మీ ప్రాంతపు అద్దె తెలుసుకుని పాయింట్ల చోట ఆ ధర పెట్టి, 60 నుంచి 70 గంటలకు లెక్కవేసుకోండి. ఆ మొత్తం చేతిలో ఉన్నాక, లేదా ఏ నెలకానెల తప్పక వస్తుందని నమ్మకం కుదిరాకే మొదలుపెట్టండి. డబ్బుకోసం రెండు నెలలు ఆగి తిరిగి వస్తే, మర్చిపోయింది గుర్తు తెచ్చుకోవడానికే కొన్ని గంటలు పోతాయి. ఆ గంటలకూ అదే అద్దె. కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టి ఆపకుండా పూర్తిచేసినవాళ్లే చివరికి తక్కువ ఖర్చుతో బయటపడతారు.

స్కూల్ ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి

వెబ్‌సైట్ చూసి తేల్చుకోకండి. వెళ్లి చూడండి, అక్కడ నేర్చుకుంటున్నవాళ్లతో విడిగా మాట్లాడండి. గత ఏడాది లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లకు సగటున ఎన్ని గంటలు, ఎన్ని నెలలు పట్టాయి? ఎగరగలిగే స్థితిలో ఎన్ని విమానాలున్నాయి, వాటికి ఎందరు విద్యార్థులున్నారు? విమానం రిపేరుకు వెళ్తే బదులు ఉంటుందా? ఇన్‌స్ట్రక్టర్ మధ్యలో వెళ్లిపోతే ఏం చేస్తారు? చివరి పరీక్షకు ఎగ్జామినర్ దొరకడానికి ఎన్నాళ్లు పడుతోంది?

ఇన్‌స్ట్రక్టర్ గురించిన ప్రశ్న తేలిగ్గా తీసుకోవద్దు. ఎయిర్‌లైన్‌లో చేరడానికి కావలసిన గంటలు కూడబెట్టుకుంటూ పాఠాలు చెప్పే యువ ఇన్‌స్ట్రక్టర్లు చాలామంది. ఉద్యోగం రాగానే వెళ్లిపోతారు. కొత్తగా వచ్చినవారు మీకు ఏం వచ్చో ఏం రాదో చూసుకోవడానికి మళ్లీ కొన్ని పాఠాలు వెనక్కి తీసుకెళ్తారు. ఒకే సిలబస్‌ను అందరూ పాటించి, ప్రతి పాఠానికీ రికార్డు రాసే స్కూల్ అయితే ఈ నష్టం తగ్గుతుంది. ఇన్‌స్ట్రక్టర్‌తో మనసు కలవకపోతే మొహమాటపడకుండా మార్చమని అడగండి. అరిచి కంగారుపెట్టే మనిషి పక్కన ఎవరూ సరిగా నేర్చుకోలేరు.

విమానాశ్రయం ఎంత రద్దీగా ఉందో కూడా చూడాలి. పెద్ద విమానాలు దిగేచోట టేకాఫ్‌కు ఎదురుచూస్తూ ఒక్కో పాఠంలో 18 నిమిషాలు, అంటే మీటర్ మీద 0.3 గంట, నేల మీదే గడిచిపోతే 45 పాఠాలకు 13.5 గంటల అద్దె అవుతుంది. రేడియోలో కంట్రోలర్‌తో మాట్లాడే ధైర్యం అక్కడ బాగా వస్తుందన్నది నిజమే. అయినా సర్క్యూట్లు, అంటే రన్‌వే చుట్టూ తిరిగి మళ్లీ మళ్లీ దిగే పాఠాలు, తిరిగే రోజుల్లో ఖాళీగా ఉండే చిన్న ఎయిర్‌ఫీల్డ్ మేలని నా అభిప్రాయం.

మొత్తం సొమ్ము ఒకేసారి ముందే కడితే రాయితీ ఇస్తామంటారు. వద్దు. ఫ్లయింగ్ స్కూళ్లు మూతపడటం వింత కాదు, అప్పుడు ముందు కట్టిన డబ్బు రాబట్టుకోవడం చాలా కష్టం. ఐదు, పది గంటల ప్యాకేజీలుగా కట్టండి. మిగిలిన డబ్బు తిరిగిచ్చే షరతును కాగితం మీద రాయించుకోండి.

థియరీ ముందు, ఇంజిన్ తర్వాత

విమానయాన చట్టం, వాతావరణం, నావిగేషన్, విమానం ఎలా ఎగురుతుంది, ఇంజిన్ మరియు పరికరాలు, విమానం పనితీరు లెక్కలు, మానవ పరిమితులు, రేడియో సంభాషణ, ఆపరేషన్ పద్ధతులు: సబ్జెక్టులు ఎక్కడైనా దాదాపు ఇవే. యూరప్‌లో ఇవి తొమ్మిది వేర్వేరు పేపర్లు, ప్రతిదాంట్లో 75 శాతం రావాలి. అమెరికాలో 60 ప్రశ్నల ఒకే పరీక్ష, 70 శాతం చాలు. రేడియో వాడటానికి చాలా దేశాల్లో విడిగా పరీక్ష ఉంటుంది. అంతర్జాతీయంగా ఎగరాలంటే ఇంగ్లిష్‌లో ఐసీఏఓ స్థాయి 4 కావాలి.

వీలైతే మొదటి సోలో లోపే రాత పరీక్షలు చాలావరకు ముగించండి. గాలి దిశ మారితే ఏమవుతుందో గంటకు 135 పాయింట్లు కడుతూ గాల్లో నేర్చుకోవడం కంటే ఇంట్లో పుస్తకం ముందు నేర్చుకోవడం చవక. సమాధానాలు బట్టీపట్టి గట్టెక్కేవాళ్లు చివరి పరీక్షలో ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుని ఎందుకని అడిగితే ఆగిపోతారు. ఎండ బాగా కాసే రోజు, ఎత్తైన ప్రదేశంలో రన్‌వే ఎందుకు ఎక్కువ పొడవు కావాలి అన్నది అలాంటి ప్రశ్న. గాలి పలచబడితే రెక్కలకూ ప్రొపెల్లర్‌కూ ఇంజిన్‌కూ మూడింటికీ బలం తగ్గుతుంది. గాలి ఎంత పలచగా ఉందో దాన్ని ఎత్తు రూపంలో లెక్కగట్టి చెప్పేదే డెన్సిటీ ఆల్టిట్యూడ్. నలుగురిని ఎక్కించుకుని వేసవి మధ్యాహ్నం బయల్దేరేటప్పుడు ఈ లెక్కే మీ ప్రాణాలు కాపాడుతుంది.

మొదటి సోలో దాకా

ప్రతి పాఠం విమానం చుట్టూ నడవడంతో మొదలవుతుంది. రెక్కలు, తోక, టైర్లు, ఆయిల్, చీలికలు, వదులైన బోల్టులు చూస్తారు. ట్యాంకు అడుగు నుంచి కొంచెం ఇంధనం తీసి అందులో నీళ్లున్నాయా, రంగు సరైనదేనా అని వెలుతురులో పట్టి చూస్తారు. 100ఎల్‌ఎల్ ఏవ్‌గ్యాస్ నీలం రంగులో ఉంటుంది. చెక్‌లిస్ట్ చేతిలో పట్టుకుని చేయడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

మొదటి పాఠాల్లో తిన్నగా వెళ్లడం, ఎత్తెక్కడం, దిగడం, మలుపులు తిరగడం. తర్వాత నెమ్మదిగా ఎగరడం, స్టాల్. స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడమని చాలామంది అనుకుంటారు. ఇంజిన్‌కూ దానికీ సంబంధం లేదు. రెక్కకూ ఎదురుగాలికీ మధ్య కోణం ఒక హద్దు దాటితే, మామూలు రెక్కలకు అది సుమారు 15 డిగ్రీలు, గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని సాగలేక విడిపోతుంది. దాంతో లిఫ్ట్, అంటే విమానాన్ని పైకెత్తే బలం, ఒక్కసారిగా పడిపోతుంది. ఏ వేగంలోనైనా ఇది జరగవచ్చు. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వాల్చి మలుపు తిరిగితే విమానం బరువు రెట్టింపైనట్టు ఉంటుంది, స్టాల్ వేగం 41 శాతం పెరుగుతుంది. రన్‌వే వైపు చివరి మలుపు తిరిగేటప్పుడు లైను దాటిపోయామని గాభరాపడి పెడల్ తొక్కి, ముక్కు పైకి లాగితే విమానం గిరగిరా తిరుగుతూ పడిపోతుంది. తిప్పుకోవడానికి అక్కడ ఎత్తు ఉండదు. అందుకే స్టాల్ పాఠాన్ని భయపడి తొందరగా ముగించకండి. విమానం ముందుగా ఇచ్చే సూచనలు, కంట్రోళ్లు మెత్తబడటం, వార్నింగ్ హారన్, రెక్కల్లో వణుకు, మీ చేతులకు తెలిసేదాకా చేయండి. స్టాల్ కనిపించగానే స్టీరింగ్ ముందుకు వదిలి కోణం తగ్గించడం ఆలోచించకుండా జరగాలి.

ఆ తర్వాత సర్క్యూట్లు. రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంలా తిరిగి, సాధారణంగా వెయ్యి అడుగుల ఎత్తులో, మళ్లీ దిగి, మళ్లీ ఎగరడం. గంటలు ఎక్కువగా కరిగేది ఇక్కడే, విసుగు పుట్టేదీ ఇక్కడే. రెండు రోజులు ల్యాండింగులు బాగా వచ్చి మూడోరోజు ఒక్కటీ కుదరదు. ఇది దాదాపు అందరికీ జరుగుతుంది, టెన్షన్ పడి స్కూల్ మార్చేయకండి.

ల్యాండింగ్ బాగుండాలంటే దానికి ముందు దిగే మార్గం బాగుండాలి. సెస్నా 172లో రన్‌వే వైపు వచ్చేటప్పుడు వేగం సుమారు 60 నుంచి 65 నాట్లు (గంటకు నాటికల్ మైళ్లు) ఉంటుంది. పది నాట్లు ఎక్కువుంటే రన్‌వే మీద తేలుతూ పోతుంది. నేలకు రెక్క పొడవంత దగ్గరికి వచ్చేసరికి గ్రౌండ్ ఎఫెక్ట్ వల్ల, అంటే నేల దగ్గర గాలి తీరు మారడం వల్ల, డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) తగ్గి విమానం దిగనని మొరాయిస్తుంది. బలవంతంగా కిందికి తోస్తే ముందు చక్రం తగిలి ఎగిరెగిరి పడుతుంది. చూపు ముక్కు ముందున్న నేలమీద కాకుండా రన్‌వే చివరికి మార్చడం, ఎత్తును కంటి అంచుతో పసిగట్టడం: చాలామందికి ఈ ఒక్క మార్పుతోనే ల్యాండింగ్ దారిలో పడుతుంది. అనుకున్నట్టు రాకపోతే గో అరౌండ్, అంటే పవర్ పెట్టి మళ్లీ పైకి లేవడం. దాన్ని ఓటమిగా చూడకండి, ఇన్‌స్ట్రక్టర్ మీ నుంచి చూడాలనుకునే నిర్ణయాల్లో అది ముఖ్యమైనది.

టేకాఫ్‌లో ఇంజిన్ ఆగితే ఏం చేయాలో కూడా ఇక్కడే నేర్పుతారు. తక్కువ ఎత్తులో వెనక్కి తిరగకుండా ముందు కనిపించే ఖాళీ జాగాలోనే దిగాలి.

ఒక రోజు ఇన్‌స్ట్రక్టర్ విమానం ఆపించి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టి దిగిపోతారు. ఎన్ని గంటలకు ఆ రోజు వస్తుందని పోటీపడటం అనవసరం. ఒక మనిషి బరువు తగ్గడంతో విమానం త్వరగా లేస్తుంది, వేగంగా ఎక్కుతుంది, దిగేటప్పుడు ఇంకాస్త తేలుతుంది. దీన్ని ముందే తెలుసుకుని ఉంటే పైకి వెళ్లాక ఆశ్చర్యపోరు. మొదటి సోలో ఒకటో రెండో సర్క్యూట్లు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆ కొద్ది నిమిషాల ధైర్యం మాత్రం మిగతా శిక్షణంతా మీ వెంట ఉంటుంది.

నావిగేషన్

కోర్సులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగమిది. మ్యాప్ మీద గీత గీసి, గాలిని లెక్కగట్టి, ఏ దిక్కుకు ఎంతసేపు వెళ్లాలో కాగితం మీద తేల్చి, తర్వాత అదే దారి కిటికీలోంచి నిజంగా కనిపించడం గొప్ప అనుభవం. 60 నాటికల్ మైళ్లు వెళ్లాక గీతకు ఒక మైలు పక్కకు జరిగితే మీ దిశ సుమారు ఒక డిగ్రీ తప్పిందన్నమాట. ఈ ఒక్క లెక్కతో గాల్లోనే దారి సరిచేసుకోవచ్చు. జీపీఎస్ ఉంది కదా అని ఈ పని నేర్చుకోకుండా వదిలేస్తే, బ్యాటరీ అయిపోయిన రోజు మీకు నదీ రైలుపట్టాలూ కూడా గుర్తుపట్టడం రాదు.

ఇంధనం లెక్క వేసేటప్పుడు పగటిపూట గమ్యం చేరాక ఇంకో 30 నిమిషాలకు సరిపడా మిగలాలన్నది సాధారణ కనీస నిబంధన. గంటకు సరిపడా మిగుల్చుకోవడం నా సలహా. వాతావరణం చెడితే దారి మార్చి వేరే చోట దిగడం కూడా ఇక్కడే నేర్చుకుంటారు. రేడియో పోతే, రాడార్‌కు విమానపు కోడ్ పంపే ట్రాన్స్‌పాండర్‌లో 7600, ప్రమాదంలో ఉంటే 7700, అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5. ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

దూరప్రయాణ సోలోల దగ్గర వాతావరణం వల్ల వారాలు పోతాయి. అవి ఆగినప్పుడు ఖాళీగా ఉండకుండా ఇన్‌స్ట్రక్టర్‌తో పరికరాల మీద ఎగిరే పాఠాలు, షార్ట్ ఫీల్డ్ (పొట్టి రన్‌వే) ల్యాండింగులు ముగించేలా ప్లాన్ చేసుకోండి.

గంటలు తగ్గించేవి

వారానికి రెండు మూడుసార్లు ఎగరడం. దీని తర్వాతే మిగతావన్నీ. రెండు వారాలకొకసారి వస్తే ప్రతి పాఠంలో మొదటి సగం పాతదే. వాతావరణం బాగుండే కాలం చూసి మొదలుపెట్టండి, వీలైతే ఉద్యోగానికి సెలవు తీసుకుని ఒక విడత గట్టిగా ఎగరండి.

రెండోది, ఇంట్లో కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని పాఠమంతా చేతులతో, నోటితో చేయడం. పైలట్లు దీన్ని చెయిర్ ఫ్లయింగ్ అంటారు. డౌన్‌విండ్‌లో, అంటే సర్క్యూట్‌లో రన్‌వేకు సమాంతరంగా వెళ్లే భాగంలో, ఏ చోట పవర్ తగ్గించాలి, ఎక్కడ ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) వేయాలి, రేడియోలో ఏం చెప్పాలి అన్నీ పైకి అంటూ చేయండి. పైసా ఖర్చు లేదు, ఫలితం చాలా ఎక్కువ. ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ చెక్‌లిస్టులకూ నావిగేషన్‌కూ పనికొస్తుంది. ల్యాండింగ్‌కు మాత్రం దానిమీద ఆధారపడకండి. సిమ్యులేటర్‌కు అలవాటుపడ్డవాళ్లు బయటకు చూడకుండా పరికరాలకే కళ్లప్పగిస్తారు, ఇన్‌స్ట్రక్టర్లకు ఆ అలవాటు మాన్పించడం పెద్ద పని.

హెడ్‌సెట్ మొదట్లో స్కూల్‌ది అడిగి వాడుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌ది కొన్నా ఫరవాలేదు. ఒంట్లో బాగోకపోయినా, నిద్ర చాలకపోయినా పాఠం వాయిదా వేయండి. రద్దు చార్జీ కట్టాల్సొచ్చినా, ఏమీ తలకెక్కని గంటకు కట్టే అద్దె కంటే అది తక్కువే.

ఇంకా తక్కువలో ముగించాలనుకునేవాళ్లకు చిన్న లైసెన్సులున్నాయి. అమెరికాలో స్పోర్ట్ పైలట్‌కు కనీసం 20 గంటలు, యూరప్‌లో ఎల్ఏపీఎల్‌ అనే తేలికపాటి విమానాల లైసెన్స్‌కు 30 గంటలు. షరతులు ఎక్కువ, ఐసీఏఓ ప్రమాణానికి సరిపోవు. వారాంతాల్లో దగ్గర్లో ఎగరడమే కోరికైతే అవి చాలు.

చివరి పరీక్ష

పరీక్షకు ఇన్‌స్ట్రక్టర్ సంతకం చేశాకే వెళ్తారు. ముందు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు, తర్వాత విమానంలో. ఎగ్జామినర్ ఇచ్చిన దారికి ప్లాన్ వేయాలి, వాతావరణం చూసి వెళ్లవచ్చో లేదో చెప్పాలి, బరువు లెక్క చూపాలి. గాల్లో స్టాల్, బాగా వాల్చి తిరిగే మలుపులు, అత్యవసర ల్యాండింగ్ నటన, దారి మార్పు, రకరకాల ల్యాండింగులు. అమెరికా ప్రమాణాల్లో 45 డిగ్రీల మలుపులో ఎత్తు 100 అడుగులకు మించి తేడా రాకూడదు, వేగం 10 నాట్లకు మించి మారకూడదు. తప్పు చేయని అభ్యర్థి ఉండరు. తప్పును తనే గమనించి, చెప్పి, సరిచేసుకున్నవాళ్లను ఎగ్జామినర్లు నమ్ముతారు. ఏదైనా భాగం తప్పితే చాలాచోట్ల ఆ భాగం వరకే మళ్లీ పరీక్ష, కానీ ఫీజూ అద్దే మళ్లీ కట్టాలి.

ఎగ్జామినర్ తేదీ దొరకడం ఆలస్యమైతే ఆ మధ్యలో చేయి మొద్దుబారకుండా ఎగరాల్సిందే. అందుకే దూరప్రయాణ సోలోలు మొదలవగానే తేదీ కోసం అడగడం మొదలుపెట్టండి.

లైసెన్స్ వచ్చాక

బడ్జెట్ వేసేటప్పుడు చాలామంది ఈ భాగం మర్చిపోతారు. అమెరికాలోనూ యూరప్‌లోనూ ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు చేసి ఉండాలి. అమెరికాలో 24 నెలలకొకసారి ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ ఉంటుంది. యూరప్‌లో సింగిల్ ఇంజిన్ రేటింగ్ రెండేళ్లు చెల్లుతుంది. పరీక్ష లేకుండా పొడిగించుకోవాలంటే రెండో ఏడాదిలో 12 గంటలు ఎగిరి, అందులో ఒక గంట ఇన్‌స్ట్రక్టర్‌తో చేయాలి. మెడికల్ కూడా గడువు ప్రకారం మళ్లీ చేయించుకోవాలి. నెలకు కనీసం ఒకటి రెండు గంటల అద్దె పెట్టుకోలేకపోతే చేతిలో లైసెన్స్ ఉన్నా నైపుణ్యం ఉండదు. ఫ్లయింగ్ క్లబ్‌లో చేరడం, నలుగురైదుగురు కలిసి ఒక పాత విమానాన్ని వాటాల్లో కొనడం ఈ ఖర్చును తట్టుకునే మంచి దారులు. వాటా కొనేముందు సొంతంగా ఒక మెకానిక్‌ను పెట్టుకుని ఇంజిన్ రికార్డులు చూపించండి. ఓవర్‌హాల్ నిధిలో ఎంత ఉందో, సభ్యులు ఎవరైనా వైదొలిగితే వాటా ఎలా లెక్కగడతారో ఒప్పందంలో రాసి ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.